పోగులేసిన పాట

కొమురవ్వ హోటల్లో చాయ్‌కి చక్కెర కొమురవ్వ వేస్తుంది. మాటలకు ఉప్పూ కారం మాత్రం బ్యాండ్ మాస్టర్ పోశాలు వేస్తాడు. నర్సింహులపేట నుంచి వచ్చే బస్సు ఆగే స్టేజీ దగ్గర, రోడ్డుకు ఇవతల రేకుల పందిరి కింద ఆ హోటలు. రోడ్డుకు అవతల, సరిగ్గా ఎదురుగా, పోశాలు ఇల్లు. ఇల్లు అంత దగ్గరున్నా సాయంత్రం పూట ఆయన ఇంట్లో దొరకడు, ఇక్కడి బల్ల మీదే దొరుకుతాడు. పెళ్లిళ్లకు డీజేలు వచ్చాక ఆయన బ్యాండు మూలన పడింది. నిరుటి నుంచి ఊరి హైస్కూల్లో పిల్లలకు బ్యాండు నేర్పుతున్నాడు. పంద్రాగస్టుకు ఆ పిల్లలు మండలం అంతటి ముందర వాయించాలి.

ఆ రోజు వరి నాటుకు పోయి, కాళ్ల మీద బురద ఆరకుండానే అక్కడికి వచ్చింది ప్రమీల. బడి తల్లుల కమిటీకి ఆమె పెద్ద. తెల్లారితే కమిటీ కూర్చుంటుంది, అందుకే వచ్చింది. సంగతి ఏమిటంటే, పిల్లలు బాజాలు ఇంటికి తీసుకుపోయి రోజూ ప్రాక్టీస్ చేయాలి. సాయంత్రం ఊళ్లో పాట మొదలవుతున్నది గానీ, చివరికొచ్చేసరికి టక్కున ఆగిపోతున్నది. అందరికన్నా చివర వినబడేది తండాలోని సోమ్లీ బాకా. కాబట్టి ఎగ్గొడుతున్నది ఆ పిల్లేనని ఊరంతా అనుకుంటున్నది. సోమ్లీ దగ్గరి బాకా వాపసు తీసుకుందాం, అసలు అందరి బాజాలూ బడిలో పెట్టి తాళం వేద్దాం అని కమిటీలో మాట నడుస్తున్నది.

బల్ల చివర సోమ్లీ తాత లక్ష్మా కూర్చున్నాడు. మేకలు కాసే మనిషి, మాట తక్కువ. ముందున్న చాయ్ చల్లారిపోతున్నా ముట్టడం లేదు. మనవరాలిని ఎన్నిసార్లు అడిగినా "నాది నేను వాయించిన తాతా" అని ఒకే మాట అంటున్నదట. ఆ ఒక్క మాట పట్టుకుని వచ్చాడు పాపం.

"మామా, నువ్వే చెప్పు," అంది ప్రమీల. "పిల్లలు ఇంటికాడ వాయిస్తున్నరా, వాయిస్తలేరా?"

పోశాలును అడక్కూడని తీరులో అడిగింది. ఆయన చేతిలోని మిర్చి బజ్జీని పళ్లెంలో పెట్టి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, బల్ల మీద కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు. ఆయన కాళ్లు మడిచాడంటే ఆఖరి బస్సు పోయిందాకా లేవడని అక్కడ అందరికీ తెలుసు.

"వాయిస్తున్నరా అని నన్నడుగుతున్నవా బిడ్డా? నన్ను? కొమురక్కా, ప్రమీలకు చాయ్ పొయ్యి. నాకు సుత పొయ్యి, గొంతు తడి లేకుంటె నిజం బయటికి రాదు."

"అబద్ధానికైతే చాయ్ అక్కర లేదా కాకా?" అన్నాడు ఆటో నడిపే సుభాష్.

"నువ్వు జర నోరు మూస్కోని ఇనురా. ఇనుర్రి అందరు. మొదలు బాజాలు పంచిన దినం నేనేమనుకున్న? పోరలు పొద్దుమూకి వాయిస్తరు, ఊరు మార్మోగుతది అనుకున్న. కొన్ని దినాలు ఆగి ఇండ్లు తిరిగిన. భాగ్య వాళ్లింటికి పోతే ఏముంది, సైడ్ డ్రమ్ముల కోడి పొదుగుతున్నది. తీసి వాయించు బిడ్డా అంటె వాళ్లమ్మ అన్నది గదా, పిల్లలు లేసినంక వాయిస్తది సార్ అని. కోడిపిల్లలు లేసినంక! కుమార్ ఇంటికి పోతె ఫ్లూటు పొయ్యి కాడ ఉన్నది, కట్టెలు మండకపోతె దానితోనే ఊదుతున్నరు. చర్చి కాడ జాన్ బిడ్డ మనీషా ఉన్నది చూడు, ఆ పొల్ల క్లారినెట్టును మెత్తటి గుడ్డల చుట్టి అల్మార్ల పెట్టిన్రు. ఐతారం ఐతారం తీసి తుడుస్తరు, మల్ల పెడ్తరు. ఇగ సోమ్లీ బాకాతోని లక్ష్మన్న మేకలను పిలుస్తుండు."

"ఒక్కపారే," అన్నాడు లక్ష్మా.

"ఒక్కపారే గని మేకలన్ని వచ్చినయ్, పిల్లకు తప్ప అన్నిటికి ప్రాక్టీస్ అయ్యింది. సరే, బెదిరిచ్చిన. చాక్లెట్లు పంచిన. ఇంటికాడ వాయించి వాట్సప్‌ల వీడియో పెట్టుర్రి అన్న. నలుగురు నాలుగు వీడియోలు పెట్టిన్రు. కుమార్ మొఖం కనవడుతది, ఫ్లూటు కనవడుతది, ఇనవడేది మనీషా క్లారినెట్టు. ఇగ వీళ్లతోని కాదని, సదురుకొని బాజాలు వాపస్ తీస్కుందామనుకున్న. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"చెప్తెనే గద ఎరికయ్యేది," అంది కొమురవ్వ, బజ్జీలు తిప్పుతూ.

"ఒక ఐతారం లక్ష్మన్న యాటను కోసిండు. వాడకట్టు వాడకట్టు కలిసి తెచ్చుకున్నం. మోదుగాకులు పరిచి మటన్ పోగులేసిండు. ఇంత మెత్తటిది, ఇంత కార్జం, ఇన్ని బొక్కలు, ప్రతి పోగుల అన్ని తీర్లవి సమానం. ఎవలది వాళ్లు ఎత్తుకున్నరు. ఒక్క పోగు ఎత్తలే. ఆకు మీద అట్లనే ఉన్నది. ఈగలు ముసురుతున్నయ్. ఇగ చూడు, ఊరంత ఒకటే లొల్లి, ఎవనిదిరా పోగు, ఎవనిదిరా పోగు అని. ఇల్లిల్లు తిరిగి, పండుకున్నోన్ని లేపి, చెయ్యి వట్టి గుంజుకొచ్చి ఎత్తిపిచ్చిన్రు. అరె, మటన్ పోగు ఒకటి మిగిలితెనే ఊరు గింత పరేషాన్ అయితది. పాటను సుత పోగులేస్తె?"

ఇక్కడ ఆయన ఆగి అందరి మొహాలూ చూశాడు. ఇక్కడ ఆగడం ఆయనకు అలవాటు. చాయ్ ఒక గుటక తాగాడు.

"పాట మొత్తం ఒకరికిస్తె ఏమంటరు? రేపు వాయిస్త అంటరు. రేపు ఎల్లుండి అయితది. పోగు ఇచ్చినమనుకో, వాని పోగు వాడు ఎత్తకుంటె ఎనకాలోని పోగు కదలది. ఆ రాత్రి కూసోని కోసిన. మొదటి పోగు మనీషాకు. రెండో పోగు నీళ్ల ట్యాంకి కాడ భాగ్యకు, డ్రమ్ము మీద దరువు. మూడోది వడ్ల సెంటర్ పక్కపొంటి కుమార్‌కు. నాలుగోది తండల సోమ్లీకి. తలకాయ ముచ్చట తర్వాత చెప్త. దీపాల యాళ్లకు ఎవలింట్ల వాళ్లే కూసోవాలె. మనీషా ఇంట్ల లేసిన పాట చర్చి గోడ దాటి ట్యాంకి కాడికి రావాలె, భాగ్య అందుకోవాలె, భాగ్య ఇసిరితె కుమార్ పట్టాలె, కుమార్ ఇసిరితె సోమ్లీ పట్టాలె. పాట ఏ ఇంటి కాడ ఆగితె ఆ ఇంటికి వాడకట్టంత పోవాలె. కొట్టుడు లేదు, తిట్టుడు లేదు. పాట ఎందుకాగింది అని అడగాలె, అంతే. మీదికెల్లి, వచ్చినోళ్లందరికి ఆ ఇంటోళ్లు చాయ్ పొయ్యాలె. మొదటి వారంల కుమార్ వాళ్లింట్ల చక్కెర డబ్బ ఖాళీ అయ్యింది. ఇగ వాళ్లమ్మ దీపం ముట్టియ్యకముందే ఫ్లూటు కడిగి వాని చేతుల పెడ్తది."

"ఇదైతే నిజమే," అంది ప్రమీల. "పోగుల సంగతి నాకు అంత ఎరికలేదు గని, పాట ఆగినింట్ల చాయ్ తాగుడు మాత్రం ఎరికే. ఈ మధ్య రోజూ సోమ్లీ వాళ్లింట్లనే తాగుతున్నం. మేకపాల చాయ్."

లక్ష్మా తల దించుకున్నాడు. పోశాలు అదేమీ చూడలేదు. నిజం చెప్పడం అయిపోయింది గనక ఇప్పుడాయనకు అసలు ఊపు వచ్చింది.

"గంతవరకు ఎవ్వలైన చేస్తరు. ఇగ అసలుది ఇనుర్రి. ఊరికి పాట అలవాటైంది. ఒకనాడు కుమార్‌కు జరమొచ్చింది. పాట ట్యాంకి దాటింది, వాళ్లింటి ముంగట ఆగింది. ఊరికి ఊరు ఆగింది. అన్నం ముద్ద నోటికాడ ఆగింది. బర్లు కొట్టంలకు పోతున్నయి పోతున్నయి, ముందటి కాళ్లు లోపట, ఎనకటి కాళ్లు బయట, గట్లనే నిలవడ్డయ్. నల్లా తిప్పితె నీళ్లొచ్చినయ్, సగం దాక వచ్చి ఆగినయ్."

"నీళ్లు యాడ ఆగినయ్?" అన్నాడు సుభాష్.

"నల్లాకు బిందెకు నడుమ. నమ్మవు గద? నేను ఏలుతోని ముట్టి చూసిన, సల్లగున్నయ్. దవాఖాన నుంచి డాక్టరమ్మ ఉరికొచ్చింది. సూదియ్యబోయింది. అమ్మా, సూది తర్వాత, మొదలు వానికి ఫ్లూటియ్యి అన్న. మంచం మీద పండుకునే వాని పోగు వాడు ఊదిండు. జరం మొత్తం ఫ్లూటు బెజ్జాలకెల్లి ఆవిరై బయటికొచ్చింది. అరె ఎంత ఆవిరి అంటె, పక్కింటి ముసలవ్వ ఉరికొచ్చి ఆ ఆవిరి మీద ఇడ్లీలు పెట్టుకున్నది."

"మెత్తగొచ్చినయా?" అంది కొమురవ్వ.

"మస్తుగొచ్చినయ్. జర మాత్రల వాసన."

సుభాష్ తలకాయ పట్టుకున్నాడు. ప్రమీల నవ్వు ఆపుకుంటూ, "మామా, నేను సోమ్లీ ముచ్చట అడిగిన," అని గుర్తుచేసింది.

"ఆడికే వస్తున్న బిడ్డా, తొవ్వల ఉన్న. ఇగ నర్సింహులపేటోళ్లకు ఎరికైంది. పోశాలన్నా, మా పిల్లలు సుత ఇంటికాడ బాజా ముడ్తలేరు, మాకు ఒక పోగు ఇయ్యి అన్నరు. ఇచ్చిన. మానుకోటోళ్లు అడిగిన్రు. ఇచ్చిన. ఇగ స్టేషన్ ఘన్‌పూర్‌ల మా మేనకోడలు ఉన్నది, మా పోరనికి లేదా మామా అని అలిగింది. ఈడికెల్లి ఘన్‌పూర్ దాక పాటను గాలి మోస్తదా? మొయ్యది. నేను అబద్ధమెందుకు చెప్పాలె? అందుకే రైలెక్కిచ్చిన."

"పాటను?"

"మరి నిన్నా? మానుకోట స్టేషన్ల ఒక పొల్ల, కదులుతున్న బండి కిటికీల తన పోగు ఊదింది. పాట ఎక్కి కూసున్నది. కాజీపేటల దిగి బండి మారాలె. మొదటిపారి గద, ఏ ప్లాట్‌ఫారమో తెల్వక జర పరేషాన్ అయ్యింది, అటు ఇటు తిరిగింది. ఆడ టీసీ పట్టుకున్నడు. టికెటేదన్నడు. బడిపిల్లల పాటను సార్, సగం టికెట్టే అన్నది. ఘన్‌పూర్‌ల దిగంగనే మా మేనకోడలు కొడుకు పట్టుకున్నడు, వాని పోగు వాడు కలిపిండు, చిట్యాల తోలిండు."

"చిట్యాలకు రైలు లేదు కాకా."

"బస్సు లేదా? హన్మకొండ బస్టాండుల బస్సెక్కింది. కాలు పెట్టనీకి జాగ లేదు. కండక్టరమ్మ అడిగింది, ఎవల పాట ఇది అని. మనీషా, భాగ్య, సోమ్లీ అని చెప్పింది. ఆడపిల్లలదా, జీరో టికెట్ అన్నది. కుమార్ ఊదిన పోగుకు మాత్రం పైసలు తీసుకున్నది."

ఈసారి కొమురవ్వ కూడా జల్లెడ గరిటె పక్కన పెట్టి నవ్వింది. నవ్వుతూనే చీకటి పడుతున్నదని పందిరి కింద బల్బు వేసింది. చర్చి వైపు నుంచి సన్నగా క్లారినెట్ మొదలైంది. పోశాలు గొంతు కింద అది ఎవరికీ వినబడలేదు. లక్ష్మా ఒక్కడే తల ఎత్తాడు.

"చిట్యాల పత్తి చేన్లల్ల కలుపు తీసేటోళ్లు పాటను చేతులు మార్చి భూపాలపల్లికి అందిచ్చిన్రు. ఆడ ఏమైందో ఎరికేనా? ఎటు పోవాల్నో తెల్వక బొగ్గుబాయిల దిగింది. కింద చీకటి. తొవ్వ తప్పింది. షిఫ్టు దిగిన కార్మికులు తలకు లైట్లు పెట్టుకోని ఎతికిన్రు, ఎతికిన్రు, ఓ మూలకు ముడుచుకోని కూసున్నది. బుజ్జగిచ్చి పైకి తెచ్చిన్రు. నల్లగైపోయింది. పైకి రాంగనె దగ్గింది."

"పాట దగ్గింది," అన్నాడు సుభాష్, కొమురవ్వకు తీర్పు చెబుతున్నట్టు.

"బొగ్గు దుమ్ము పోతే నువ్వు దగ్గవా? మన ఊరికి తోలుకొచ్చి, సోమ్లీ ఇంటి ముంగట బిందెడు నీళ్లు పోసి కడిగినం. గప్పుడు మల్ల మొఖం తేటైంది."

"మా ఇంటి ముంగటనా?" అన్నాడు లక్ష్మా. "నేను చూడలే."

"నువ్వు మేకల కాడున్నవ్."

ట్యాంకి దగ్గర డ్రమ్ము దరువు మొదలైంది. ప్రమీల అటు చూసి మళ్లీ పోశాలు వైపు చూసింది.

"అయితే మామా, పిల్లలందరు వాయిస్తున్నరంటవ్. మరి ఆఖర్ల ఎందుకాగుతున్నది? సోమ్లీ కాడ?"

"ఆగుడా? నా పాటనా?" పోశాలుకు పౌరుషం వచ్చింది. లేచి నిలబడ్డాడు. "నేను పోగులేసిన పాట ఆగుడేంది బిడ్డా? ఎవడో గిట్టనోడు చెప్పిండు. సోమ్లీ బంగారం. ఆ పొల్ల ఊపిరి బిగవట్టి మూడు జిల్లాల పాటను ఇటు ఇసురుతది చూడు, తండకు ఈ స్టేజీకి నడుమ ఉన్న కరెంటు తీగలు ఊగుతయ్. సోమ్లీ ఇసిరింది ఎవలు పట్టాలె? యాటను కోసినోనికి ఏం పోగు వస్తది? చెప్పు లక్ష్మన్నా, నువ్వు కోసేటోనివి."

"తలకాయ," అన్నాడు లక్ష్మా.

"ఆఁ, ఇనుర్రి. తలకాయ. పాటను కోసింది నేను. తలకాయ నాది. ఆఖరి పోగు. పైకి పోయి, ఆడ జరసేపు నిలవడి, మెల్లగ దిగి ముగిసే పోగు. అది పోరలకు చాతగాదు. నా బాకాకే లొంగుతది. అగో, మా అరుగు మీద నిలవడత. సోమ్లీది ఇట్ల రావాలె, నేను అట్ల పట్టాలె. పట్టి ఊదిననుకో, మానుకోటల రైలు, భూపాలపల్లిల బాయి, అన్ని ఒక్కపారే ఊపిరి తీసుకుంటయ్. నేను ఊదేదాక సూర్యుడు సుత దిగడు. గుట్ట మీద కూసోని చూస్తడు. మొన్నొకనాడు నేను జరసేపు దగ్గుకుంట నిలవడ్డ, పాపం కూసోని కూసోని సూర్యునికి కాళ్లు తిమ్మిర్లెక్కినయ్. దిగేటప్పుడు కుంటుకుంట దిగిండు."

కుమార్ ఫ్లూటు అయిపోయి, తండా వైపు నుంచి సోమ్లీ బాకా లేచింది. చిన్నపిల్ల ఊపిరి, అయినా తడబడకుండా వచ్చింది. రోడ్డు మీదికి తేటగా వినబడింది. పోశాలు మాత్రం చెయ్యి పైకెత్తి, అదే ఊపులో అడుగుతున్నాడు.

"ఒక్కనాడన్న నా పోగు ఆగిందా? చెప్పుర్రి. ఈ పోశాలు పోగు ఒక్కనాడన్న ఆకు మీద మిగిలిందా?"

సోమ్లీ బాకా చివరి స్వరం దాకా వచ్చి ఆగింది.

తర్వాత ఏమీ రాలేదు. బాణలిలో నూనె చిటచిట తప్ప చప్పుడు లేదు. సుభాష్ చాయ్ గ్లాసు నోటి దగ్గరే ఆపేశాడు. ప్రమీల మెల్లగా చెయ్యెత్తి, "ఆగు మామా, జర ఇను," అంది.

తండాలో సోమ్లీ అదే వరుస మళ్లీ ఊదింది. ఇంట్లో ఉన్నారా అని వాకిట్లో నిలబడి పిలిచినట్టు ఊదింది. ఊది ఆగింది. కాసేపుండి ఇంకోసారి ఊదింది. హోటల్లో ఉన్నవాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు రోడ్డుకు అవతలికి చూశారు. పోశాలు అరుగు మీద దీపం లేదు. తలుపుకు గొళ్లెం పెట్టి ఉంది.

లక్ష్మా చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు.

"పోశాలు తమ్మీ," అన్నాడు. "యాట మొత్తం ముట్టింది. తలకాయ ఏది?"

పోశాలు పళ్లెంలోని బజ్జీ వైపు చూశాడు.

"సూర్యుడు ఎప్పుడో దిగిండు కాకా," అన్నాడు సుభాష్. "నీ కోసం ఆగలే. కుంటలే సుత."

"ఈ ముసురు పట్టి నేను బజ్జీలు ఎయ్యవట్టినకాన్నుంచి దీపాల యాళ్లకు ఈడ్నే ఉంటుండు," అంది కొమురవ్వ. "రోజూ ఇదే ముచ్చట. పోరలతోని ఇంటికాడ ఎట్ల వాయిపిస్తున్ననో చెప్పుకుంట కూసుంటడు. తలకాయ ఊదే నోట్ల నా బజ్జీ ఉంటది, ఇగ బాకా ఎట్ల ఊదుతడు?"

"అట్లగాదు అక్కా, నేను లేకున్న పోరలు..." అని పోశాలు మొదలుపెట్టి ఆపేశాడు. తాను చెప్పిన లెక్క తనకే అడ్డం వచ్చింది.

"అంటే పాట సోమ్లీ కాడ ఆగుతలేదు," అంది ప్రమీల. "నీ కాడ ఆగుతున్నది. రెండూ బాకాలే అయ్యేసరికి ఆఖరిది సుత ఆ పిల్లదే అనుకున్నం."

లక్ష్మాకు ఇన్నాళ్ల మాటలూ అప్పుడే వచ్చాయి. "ఊరోళ్లంత మా ఇంటికొచ్చి, పాట ఎందుకాగింది అని పొల్లను అడిగిన్రు. నాది నేను వాయించిన అన్నది. ఆ తర్వాతది ఎవలదో చెప్పలే. సార్ పేరు ఎట్ల చెప్పాలె అనుకున్నదేమో. నాకు సుత చెప్పలే. బాకా గుంజుకుంటరని ఎరికైన దినం అన్నం తినలే. మేం రోజూ వచ్చినోళ్లకు చాయ్ పోసినం. మేకపిల్లలకు పాలు లెవ్వు." పోశాలు వైపు తిరిగాడు. "మొన్న నువ్వు సుత వచ్చి తాగినవు తమ్మీ. మల్లొకటి అడిగి తాగినవు."

ఎవరూ నవ్వలేదు. పోశాలు మొహం చిన్నబోయింది. మూడు జిల్లాలు తిప్పిన పాట, ఎదురుగా ఉన్న తన అరుగు దాకా రాలేకపోయిందన్న సంగతి ఆయనకు ఇప్పుడు బాగా తగిలింది. నిజంగా సిగ్గుపడ్డాడు.

ఇంతలో వాడకట్టులో తలుపులు తెరుచుకున్నాయి. పాట ఆగింది గనక జనం మామూలుగానే బయల్దేరారు. కొందరు ఇంటి నుంచే గ్లాసులు చేత పట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ, తండా తోవ పట్టారు. ముందు జాన్, వెనక భాగ్య వాళ్లమ్మ.

ప్రమీల రోడ్డు మీదికి వెళ్లి వాళ్లకు అడ్డం నిలబడింది. "అటు పోకుర్రి. పాట ఆగినిల్లు తండల లేదు. ఇగో, ఇదీ," అని పోశాలు అరుగు చూపించింది. జనం ఆ ఇంటి వైపు, హోటల్లో నిలబడ్డ మనిషి వైపు చూసి, ముందు అర్థం కాక, తర్వాత అర్థమై, గ్లాసులతో అలాగే రోడ్డు దాటారు. జాన్ పద్ధతి తప్పలేదు. గొళ్లెం పెట్టిన తలుపు ముందు నిలబడి, "పాట ఎందుకాగింది?" అని అడిగాడు.

ప్రమీల వెనక్కి వచ్చింది. "రేపు కమిటీల నేను చెప్త. పిల్లల బాజాలు పిల్లల ఇండ్లల్లనే ఉంటయ్. సోమ్లీ బాకా మీద చెయ్యేసేటోన్ని నేను చూస్త. బడిల పెట్టి తాళమెయ్యాల్సింది ఒక్కటే ఉన్నది మామా. నీ బాకా. ఇంటికాడ ప్రాక్టీస్ చెయ్యనిది నువ్వొక్కనివే గద."

"అట్లనకు బిడ్డా," అన్నాడు పోశాలు. గొంతులో కోతలేవీ లేవు. "పంద్రాగస్టుకు తలకాయ లేకుంట పిల్లలను మందిల నిలవెడ్తనా?"

"మరింకేం, ఉరుకు."

పోశాలు ఉరికాడు. ఒక చెప్పు బల్ల కింద ఉండిపోయింది. జనాన్ని తప్పించుకుని గొళ్లెం తీశాడు, లోపల ఏదో గిన్నె దొర్లింది, బాకా పట్టుకుని అరుగు మీదికి వచ్చాడు. రొప్పుతూనే పెదవికి ఆనించాడు. తండా నుంచి సోమ్లీ ఇంకా పిలుస్తూనే ఉంది. ఆ పిల్ల వరుస ముగియగానే ఆయన అందుకున్నాడు.

పైకి పోవాల్సిన స్వరం సగం దాకా పోయి, కీచుమని, మెట్ల మీద జారినట్టు కింద పడింది. వాడకట్టంతా గొల్లున నవ్వింది. సుభాష్ బల్ల మీద చరిచి చరిచి నవ్వాడు. పోశాలు బాకాను ఓసారి చూసుకుని, నేరం దానిదే అన్నట్టు తువ్వాలుతో తుడిచాడు. తర్వాత అరుగు అంచుకు వచ్చి, "కొమురక్కా, అందరికి చాయ్ పొయ్యి. నా ఇంటి చాయే ఇది," అని అరిచాడు. తాను పెట్టిన కట్టుబాటు గనక తప్పదు మరి.

కొమురవ్వ గ్లాసులు వరసగా పెడుతుండగా చర్చి వైపు మళ్లీ క్లారినెట్ లేచింది. ఒకే పూట రెండోసారి మనీషా ఎప్పుడూ మొదలుపెట్టలేదు. ట్యాంకి దగ్గర భాగ్య దరువు అందుకుంది. కుమార్ ఫ్లూటు కలిసింది. తండాలోంచి సోమ్లీ, ఈసారి కావాలనే కొంచెం నెమ్మదిగా, సార్‌కు అందేలా, తన పోగు ఇటు విసిరింది.

పోశాలు ఊదాడు. ఈసారి మునుపటికన్నా కాస్త పైదాకా పోయి జారింది. చర్చి వైపు క్లారినెట్ మళ్లీ మొదటికొచ్చింది.

"ఇగ విడువరు," అంది ప్రమీల. "సార్‌కు వచ్చేదాక విడువరు."

అరుగు మీద పోశాలు నడుం మీద చెయ్యి వేసుకుని, తన వంతు కోసం బుద్ధిగా నిలబడి ఉన్నాడు. లక్ష్మా ఎప్పటిదో చల్లారిన చాయ్‌ను ఒక్క గుటకలో తాగేసి, ఖాళీ గ్లాసు కొమురవ్వ ముందుకు జరిపాడు.

"ఇంకోటి పొయ్యి అక్కా," అన్నాడు. "పోశాలు ఇంటిది."